కొత్త కుందేలు దగ్గరికి రావడం లేదా? ముందు మీరు నేల మీద కూర్చోండి

మీరు అడిగింది ఇది. మూడు వారాల క్రితం పాప పుట్టినరోజుకి కుందేలు పిల్లను తెచ్చారు. రెండు నెలల పిల్ల అని షాపులో చెప్పారు. దగ్గరికి వెళ్తే పంజరం మూలకి పోయి నక్కుతోంది. ఎత్తుకుంటే గింజుకుని రక్కుతోంది. మొన్న పాప వేలు కొరికింది. "మేమంటే దానికి ఇష్టం లేదా? జతకి ఇంకొకటి తెస్తే మారుతుందా? తిరిగి ఇచ్చేయడమే మంచిదా?" అని అడిగారు.

ముందు సూటిగా జవాబు చెప్తాను. మీరంటే ఇష్టం లేక కాదు, అది భయపడుతోంది. ఈ రోజు నుంచి దాన్ని ఎత్తుకోవడం పూర్తిగా మానేయండి. పంజరం తలుపు తెరిచిపెట్టి మీరే నేల మీద కూర్చోండి. అది మీ దగ్గరికి రావాలి, మీరు దాని మీదకి వెళ్లకూడదు. జత ఇప్పుడే వద్దు. తిరిగి ఇచ్చే ఆలోచన కూడా వద్దు, మూడు వారాలంటే కుందేలు విషయంలో చాలా తక్కువ.

నేను విజయవాడలో పన్నెండేళ్లుగా కుందేళ్లను పెంచుతున్నాను. ఇప్పటికి మా ఇంట్లో పదకొండు పెరిగాయి. నేను కొన్నవి రెండే, మిగతావన్నీ ఎవరో పెంచలేక వదిలేస్తుంటే తెచ్చుకున్నవి. అందరికంటే తొందరగా మచ్చికైన కుందేలుకి తొమ్మిది రోజులు పట్టింది. అందరికంటే ఆలస్యమైనదానికి ఎనిమిది నెలలు పట్టింది. ఎక్కువ వాటికి నెల నుంచి రెండు నెలలు. మీరు కూడా అంత సమయం పడుతుందనే అనుకుని మొదలుపెట్టండి.

ఎందుకు ఎత్తుకోవద్దంటున్నానో చెప్తాను, ఎందుకంటే ఇది అర్థమైతే మిగతా సగం మీకే తెలిసిపోతుంది. మనకి అలవాటైన పెంపుడు జంతువులు కుక్క, పిల్లి. రెండూ వేటాడే జాతులు. కుందేలు వేటకి దొరికిపోయే జాతి. మనం ఇళ్లలో పెంచేవి మన చేలల్లో తిరిగే చెవులపిల్లులు కావు. వీటి పూర్వీకులు యూరప్‌లో, స్పెయిన్, పోర్చుగల్ ప్రాంతంలో బొరియలు తవ్వుకుని గుంపుగా బతికే అడవి కుందేళ్లు. (మన చెవులపిల్లిని పట్టి పెంచడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం కూడా. పొలంలో పిల్ల కనిపిస్తే అక్కడే వదిలేయండి, తల్లి వస్తుంది.) అలాంటి జంతువు మీదకి పైనుంచి రెండు చేతులు వచ్చి, నడుం పట్టుకుని, కాళ్లు నేల మీంచి లేచిపోతే దానికి తెలిసిన అర్థం ఒక్కటే: గద్ద తన్నుకుపోతోంది. మనం ముద్దుగా ఎత్తుకుంటున్నామని దానికి ఎవరు చెప్తారు? రోజుకి నాలుగుసార్లు ఎత్తుకుంటే అలవాటవుతుందని చాలామంది సలహా ఇస్తారు. నాలుగుసార్లు గద్ద పట్టుకెళ్తే గద్ద అలవాటవుతుందా అని ఆలోచించండి.

దీనికి మా మొదటి కుందేలు బెల్లమే సాక్ష్యం. బెల్లం రంగులో ఉండేది, అందుకే ఆ పేరు. అప్పుడు నాకు ఏమీ తెలియదు. ఆఫీసు నుంచి రాగానే ఎత్తుకుని భుజం మీద వేసుకునేదాన్ని. అది కదలకుండా ఉండేది. నేను హాయిగా ఉందనుకున్నాను, నిజానికి భయంతో బిగుసుకుపోయేది. ఒక సాయంత్రం పక్కింటి ప్రెషర్ కుక్కర్ విజిల్ వేసింది. నా చేతుల్లోంచి ఒక్క ఉదుటున దూకింది, వెనక కాలు విరిగింది. కుందేలు ఎముకలు దాని వెనక కాళ్ల బలం ముందు చాలా పెళుసు. గాల్లో గట్టిగా తన్నుకుంటే దాని తన్నుకే వెన్నెముక విరిగిపోవచ్చు. బెల్లానికి కాలు అతకడానికి ఏడు వారాలు పట్టింది. తర్వాత ఆరేళ్లు మా దగ్గరే బతికింది కానీ, నేను నిలబడి ఉంటే దగ్గరికి వచ్చేది కాదు. కూర్చుంటేనే వచ్చేది. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. మీ పాపకి అలాంటి రోజు రాకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

చెవులు పట్టుకుని ఎప్పుడూ లేపకండి. పాత బొమ్మల్లో, సంతల్లో అలా పట్టుకోవడం చూసి అదే పద్ధతి అనుకుంటారు. చెవుల నిండా సన్నని రక్తనాళాలు ఉంటాయి, ఒంట్లో వేడిని బయటికి పంపేది వాటితోనే. అలాగే వెల్లకిలా పడుకోబెట్టి పొట్ట నిమిరితే నిద్రపోతుందని వీడియోలు తిరుగుతుంటాయి. అది నిద్ర కాదు. వేటాడే జంతువు నోట చిక్కినప్పుడు చచ్చినట్టు బిగుసుకుపోయే స్థితి అది. పిల్లలకి ఆ వీడియోలు చూపించకండి.

ఇప్పుడు మీ ఇంటి నేల గురించి అడగాలి. టైల్సా? మార్బులా? మీరు రాయలేదు కానీ ఫ్లాట్ అన్నారు కాబట్టి టైల్సే అయి ఉంటాయి. కుందేలు పాదాలకి కుక్కకి, పిల్లికి ఉన్నట్టు మెత్తటి గద్దెలు ఉండవు, అడుగున అంతా బొచ్చే. నున్నటి టైల్స్ మీద కాళ్లు జారిపోతాయి. జారే నేల మీద పారిపోలేనని దానికి తెలుసు కాబట్టి పంజరం దాటి బయటికి రాదు. మనమేమో మన మీద కోపంతో రావట్లేదనుకుంటాం. పోయినేడు మా అపార్ట్‌మెంట్‌లోనే ఒక కుటుంబం ఇదే సమస్యతో వచ్చారు. నెలన్నరగా పంజరం తలుపు తీసి ఉంచినా గడప దాటడం లేదు. నేను వాళ్లని చేయమన్నది ఒక్కటే, పంజరం గుమ్మం నుంచి సోఫా దాకా ఒక పాత జంపఖానా పరవమన్నాను. మర్నాడు పొద్దున్నే ఆయన ఫోన్ చేశారు, కుందేలు జంపఖానా చివరిదాకా వచ్చి, టైల్ అంచు దగ్గర ఆగి, ముక్కు ఆడిస్తూ నిలబడిందట. అంటే అది ఎప్పుడో రావాలనుకుంది, దారే లేదు. మీరూ ఈ రోజే ఒక జంపఖానా గానీ, గోనెపట్టా గానీ, పాత రబ్బరు మ్యాట్లు గానీ పరవండి. మడతలు లేకుండా, జరగకుండా ఉండాలి.

పంజరం అడుగు ఇనుప జాలీ అయితే దాని మీద అట్టముక్క, పైన గోనెసంచి వేయండి. జాలీ మీద నిలబడి నిలబడి పాదాలు ఒరుసుకుపోయి పుళ్లు పడతాయి. నొప్పితో ఉన్న కుందేలు ఎవరినీ దగ్గరికి రానివ్వదు. వీలైతే పంజరమే తీసేసి, గది మూల మూడడుగుల ఎత్తు ఫెన్స్ కట్టి, లోపల రెండు గుమ్మాలున్న అట్టపెట్టె పెట్టండి. రెండు గుమ్మాలు ఎందుకంటే ఒకవైపు ఎవరైనా వస్తే రెండోవైపు నుంచి పోవచ్చన్న ధైర్యం దానికి కావాలి. ఆ పెట్టె దాని ఇల్లు. అది పెట్టెలో ఉండగా చెయ్యి లోపల పెట్టకండి, పాపని కూడా పెట్టనివ్వకండి. పాప వేలు కొరికింది పంజరంలో చెయ్యి పెట్టినప్పుడేనా? చాలా కుందేళ్లు బయట నిమిరించుకుంటాయి కానీ తమ చోటులోకి చెయ్యి వస్తే ఊరుకోవు. శుభ్రం చేయడం కూడా అది బయట ఉన్నప్పుడే చేసుకోండి.

ఇక రోజూ చేయాల్సింది. కుందేలు చురుగ్గా ఉండే వేళలు రెండు, తెల్లవారుజాము, సాయంత్రం చీకటి పడే వేళ. మధ్యాహ్నం అది నిద్రపోయే సమయం. స్కూల్ నుంచి వచ్చిన పాప నాలుగింటికి ఆడుకుందామని లేపితే చిరాకు పడుతుంది. సాయంత్రం ఆరు దాటాక టీవీ ఆపేసి, ఫ్యాన్ చిన్నగా పెట్టి, జంపఖానా మీద కూర్చోండి. వీలైతే బోర్లా పడుకోండి, ఎంత తక్కువ ఎత్తులో ఉంటే అంత మంచిది. దాన్నే చూస్తూ ఉండకండి, కన్నార్పకుండా చూసేది వేటాడే జంతువే. పక్కకి తిరిగి పుస్తకం చదువుకోండి. పాపని ఎక్కాలు చిన్న గొంతుతో చదవమనండి, పద్యాలు అప్పజెప్పమనండి. రోజూ అదే వేళకి, అదే చోట, అదే గొంతు. కుందేలు మనుషుల్ని గొంతుతో, వాసనతో గుర్తుపడుతుంది. అందుకే ఆ అరగంట ముందు అత్తరు, సెంటు పూసుకోకండి.

మొదటి మూడు నాలుగు రోజులు ఏమీ జరగదు. ఏమీ జరగట్లేదని విసుగొస్తుంది కూడా. కానీ గమనిస్తూ ఉండండి, మొదటి రోజు మీకు ఆరడుగుల దూరంలో ఆగినది నాలుగో రోజు మూడడుగులకి వస్తుంది.

సున్నుండ అనే కుందేలు మా దగ్గరికి వచ్చినప్పుడు రెండేళ్లది. ఎవరి ఇంట్లోనో పిల్లలు చెవులు పట్టి లాగేవాళ్లని విన్నాను. చెయ్యి కనిపిస్తే చాలు, గురగురమంటూ ముందు కాళ్లతో కొట్టేది. నేను పదిహేడు రోజులు ఖాళీ చేతులతో దాని గదిలో చాప మీద పడుకుని పేపర్ చదువుకున్నాను. పద్దెనిమిదో రోజు సాయంత్రం కాళ్ల దగ్గర ఏదో కదిలింది. తల తిప్పలేదు. ముందు మీసాలు తగిలాయి, అరికాలి మీద గడ్డిపోచ రాసినట్టు. తర్వాత వెచ్చటి ఊపిరి, చిన్నచిన్నగా, గబగబా. వెనక కాళ్లు రెండూ ఎక్కడివక్కడే ఉంచి ఒళ్లు మాత్రం రబ్బరులా సాగదీసి వాసన చూస్తోంది, ఏ క్షణంలోనైనా వెనక్కి పోయేలా. బొటనవేలిని ముక్కుతో ఒకసారి నెట్టింది. వెనక్కి పరిగెత్తింది. రెండు నిమిషాలకి మళ్లీ వచ్చింది. ఈసారి గడ్డం కింది భాగాన్ని నా మడమకి రుద్ది పోయింది. కుందేలుకి గడ్డం కింద వాసన గ్రంథులు ఉంటాయి. రుద్దితే ఇది నాది అని గుర్తు పెట్టుకున్నట్టు. నేను కదలకుండా అలాగే పడుకున్నాను, కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ రోజు కూడా చెయ్యి చాపి ముట్టుకోలేదు. మొదటిసారి వచ్చినప్పుడు ముట్టుకోకండి. రావడం వల్ల ప్రమాదం లేదని అది తేల్చుకునే రోజు అది. ఆ రోజు చెయ్యి వేస్తే మళ్లీ మొదటికి వస్తారు.

రెండు మూడు రోజులు అలా వచ్చి పోతున్నాక కొత్తిమీర మొదలుపెట్టండి. నేను చేసే పద్ధతి ఇది. వేర్లతో కలిపి పొడుగాటి కొత్తిమీర కాడ తీసుకుని, ఒక చివర పట్టుకుని, ఆకుల చివర దాని వైపు నేల మీద పెడతాను. దాని నోటికీ నా చేతికీ మధ్య జానెడు దూరం ఉంటుంది. లాక్కుపోయి తింటే తిననిస్తాను. రోజూ కాడ కొంచెం పొట్టిగా తుంచుతాను. వారం తిరిగేసరికి అది నా వేళ్ల దగ్గరే నిలబడి నములుతూ ఉంటుంది. అప్పుడు అరచేయి నేల మీద వెల్లకిలా పెట్టి అందులో పుదీనా ఆకులు పెడతాను. వేళ్లతో చిన్న ముక్క పట్టుకుని ముక్కు కింద పెట్టకండి. కుందేలు కళ్లు తలకి రెండువైపులా ఉంటాయి కాబట్టి దాదాపు చుట్టూ కనిపిస్తుంది కానీ, సరిగ్గా ముక్కు ముందు ఉన్నది కనిపించదు. మీసాలతో, పెదవులతో వెతుక్కుంటుంది. వేలు ఏదో క్యారెట్ ఏదో తేడా తెలియక కొరుకుతుంది. పాప వేలు అలా కరిచిందేమో కూడా చూడండి.

మొదట నిమరాల్సిన చోటు నుదురు, రెండు కళ్ల మధ్య నుంచి చెవుల మొదలు దాకా. ముక్కు ముందునుంచి కాకుండా పక్కనుంచి చెయ్యి తెచ్చి, రెండు వేళ్లతో మెల్లగా రాయండి. మూడుసార్లు నిమిరి ఆపేయండి. తల కిందికి వంచి నేలకి ఆనిస్తే ఇంకా కావాలని. ముక్కుతో చేతిని నెట్టినా అంతే, కానీ కాళ్లని నెట్టి ముందుకు పోతే 'దారి ఇవ్వు' అని. పొట్ట, పాదాలు, తోక, గడ్డం కింద చాలా కుందేళ్లు ఇష్టపడవు. ఎన్నేళ్లు మచ్చికైనా కొన్ని చోట్లు వద్దంటాయి, వద్దులెండి.

కరిచినప్పుడు కొట్టకండి, ముక్కు మీద చిటిక వేయకండి, అరవకండి. చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకుని, ఆ ముందు నిమిషం ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. ఊరికే కరిచే కుందేలుని నేను ఇంతవరకు చూడలేదు. మాకు వచ్చినవాటిలో నాలుగు 'కరిచే కుందేలు' అని చెప్పి ఇచ్చినవే. వాటిలో ఒకదానికి పళ్లు వంకరగా పెరిగి నోట్లో పుండు ఉంది. ఒకటి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించని ఆడది. మిగతా రెండూ చేతులకి భయపడ్డవి, అంతే.

అది మాట్లాడే భాష కొంచెం తెలుసుకుంటే మీకు టెన్షన్ తగ్గుతుంది. వెనక కాలితో నేల మీద దబ్‌మని కొడితే ఏదో ప్రమాదం ఉందని హెచ్చరిక. అలాంటప్పుడు దగ్గరికి పోకుండా చిన్నగా మాట్లాడండి. చెవులు వీపుకి అంటించి, కళ్లు పెద్దవి చేసి, నేలకి అతుక్కుపోయి ఉంటే భయం. కాళ్లు లోపలికి ముడుచుకుని ముద్దలా కూర్చుని కళ్లు సగం మూస్తే ప్రశాంతంగా ఉందని. ఉన్నట్టుండి పక్కకి దొర్లి ధబ్బున పడిపోతే కొత్తవాళ్లు చచ్చిపోయిందని కంగారు పడతారు. అది పూర్తి నమ్మకంతో పడుకోవడం. గాల్లోకి ఎగిరి ఒళ్లు మెలితిప్పి దిగితే సంతోషం, చూస్తే మీకే తెలిసిపోతుంది. నిమురుతుంటే పళ్లు మెల్లగా టకటకలాడించడం ఆనందం. అదే పళ్లు గట్టిగా కరకర నూరుతూ ముడుచుకు కూర్చుంటే నొప్పి, ఆ తేడా గుర్తుంచుకోండి. చేతిని నాకితే మిమ్మల్ని తన గుంపులో కలుపుకున్నట్టే.

మీది తెల్లటి ఒళ్లు, ఎర్ర కళ్లు ఉన్న రకమైతే ఇంకో మాట. మన షాపుల్లో అవే ఎక్కువ. వాటికి చూపు తక్కువ, వెలుతురు ఎక్కువైతే ఇంకా కష్టం. మా మల్లె కూర్చుని తల మెల్లగా ఇటూ అటూ ఊపుతూ ఉండేది. ఇచ్చినవాళ్లు ఏదో నరాల జబ్బు అనుకున్నారు. దూరం అంచనా వేయడానికి అలా ఊపుతుంది. అలాంటిదాని దగ్గరికి చప్పుడు లేకుండా వెళ్తే ఉలిక్కిపడుతుంది. గదిలోకి వెళ్లే ముందే పేరు పెట్టి పిలవండి. ట్యూబ్‌లైట్ ఆర్పి చిన్న లైటు వేయండి. తొమ్మిది రోజుల్లో మచ్చికైంది అన్నాను కదా, అది ఈ మల్లే.

పాప గురించి. పుట్టినరోజు బహుమతిగా వచ్చింది కాబట్టి తనది అన్న ఆశ ఉంటుంది, ఎత్తుకోవద్దంటే ఏడుస్తుంది. నేను మా మేనకోడలికి వేరే పని అప్పజెప్పాను. గోడకి ఒక కాగితం అంటించి, కుందేలు తనంతట తాను దగ్గరికి వచ్చిన ప్రతిసారీ ఒక చుక్క పెట్టమన్నాను. మనం దాని దగ్గరికి పోతే చుక్క లేదు. మొదటి వారం రెండు చుక్కలు. నెలాఖరుకి కాగితం నిండిపోయి ఇంకొకటి అంటించాం. ఎత్తుకోవడం కంటే ఆ చుక్కలే ఆ పిల్లకి గొప్పయిపోయాయి. ఒక షరతు మాత్రం ఉంది, తిండి, నీళ్లు, ట్రే శుభ్రం పెద్దవాళ్ల బాధ్యతే. కుందేలు ఎనిమిది నుంచి పన్నెండేళ్లు బతుకుతుంది. పాప పదో తరగతికి వచ్చినా అది ఇంట్లోనే ఉంటుంది.

ఎత్తుకోక తప్పని సందర్భాలు ఉంటాయి, డాక్టర్ దగ్గరికి వెళ్లడం, గోళ్లు తీయడం. అప్పుడు మీరు నేల మీద కూర్చుని, ఒక చెయ్యి ఛాతీ కింద, రెండో చెయ్యి పిరుదుల కింద పెట్టి, దాని ఒళ్లు మీ ఒంటికి ఆనించుకోండి. వెనక కాళ్లు వేలాడకూడదు. దింపేటప్పుడు పాదాలు నేలకి తగిలేదాకా వదలకండి. డాక్టర్ దగ్గరికైతే బుట్టని రెండు రోజుల ముందే గదిలో పెట్టి లోపల ఎండుగడ్డి వేస్తే అదే ఎక్కి కూర్చుంటుంది, పట్టుకునే పనే ఉండదు. నేను ఎప్పుడూ అలాగే చేస్తాను.

తిండి గురించి ఎక్కువ రాయను కానీ కొన్ని చెప్పి తీరాలి, పొట్ట బాగా లేని కుందేలు ఎవరితోనూ స్నేహం చేయదు. ఎండుగడ్డి రోజంతా ముందు ఉండాలి, తిండిలో ఎనభై శాతం అదే. పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, గడ్డి నమిలితేనే అరుగుతాయి. మన దగ్గర గరిక బంగారం లాంటిది. వినాయక చవితికి అమ్మే గరికే, మామూలు రోజుల్లో పూజా సామాను దగ్గర కూడా దొరుకుతుంది. మందు కొట్టని చోటుదో కాదో కనుక్కుని, కడిగి, నీడలో ఆరబెట్టి పెట్టండి. కొత్తిమీర, పుదీనా, ముల్లంగి ఆకులు మంచివి. పాలకూర, తోటకూర అప్పుడప్పుడు కొద్దిగా. క్యారెట్ చిన్న ముక్క, అది మిఠాయి లాంటిది. పెల్లెట్లు (షాపులో దొరికే గుళికల దాణా) పెద్ద కుందేలుకి కిలో బరువుకి రోజుకి ఇరవై, ఇరవై ఐదు గ్రాములు చాలు, పిల్లకి ఇంకొంచెం ఎక్కువ పెట్టొచ్చు. అన్నం, బ్రెడ్, బిస్కెట్, పాలు వద్దు. ఉల్లి, వెల్లుల్లి, చాక్లెట్ విషమే. మీ కుందేలు పిల్లని మరీ చిన్నప్పుడే తల్లి నుంచి విడదీసి ఉంటే కొత్త ఆకులు ఒక్కొక్కటిగా, కొద్దికొద్దిగా అలవాటు చేయండి. షాపుల్లో నెల పిల్లల్ని రెండు నెలలవని చెప్పి ఇవ్వడం నేను చాలాసార్లు చూశాను.

పన్నెండు గంటలు ఏమీ తినకపోయినా, పెంటికలు వేయకపోయినా వెంటనే డాక్టర్ దగ్గరికి పరిగెత్తండి. రేపు చూద్దాం అనుకోకండి. పేగులు ఆగిపోతే ఒక్క రోజులో ప్రాణం పోవచ్చు. కుక్కలు, పిల్లులు చూసే డాక్టర్లందరూ కుందేలుని చూడరు, కుందేళ్లు, పక్షులు చూసేవారు మీ ఊళ్లో ఎవరున్నారో అవసరం రాకముందే కనుక్కుని నంబరు ఫ్రిజ్ మీద అంటించుకోండి. ఇంట్లో ఉన్న అమాక్సిసిలిన్ (యాంటీబయాటిక్) సిరప్ పట్టించకండి, నోటి ద్వారా ఇస్తే పేగుల్లోని మంచి సూక్ష్మజీవులు చచ్చి కుందేలు చనిపోవచ్చు. కుక్కల పేలకి వేసే ఫిప్రోనిల్ చుక్కలు కూడా వేయకండి. స్నానం చేయించకండి, అదే నాక్కుని శుభ్రం చేసుకుంటుంది. ఇంకొకటి, బాగా మచ్చికైన కుందేలు ఉన్నట్టుండి మూల నక్కితే అది అలక కాదు, దాదాపు ఎప్పుడూ నొప్పే.

ఎండాకాలం కుందేలుకి మనకంటే కష్టం. దానికి చెమట పట్టదు. ముప్పై డిగ్రీలు దాటితే చాలు ఇబ్బంది పడుతుంది, మన మే నెల సంగతి మీకు తెలుసు. నేను వెడల్పు మూతి ఉన్న పెద్ద మట్టికుండని అడ్డంగా పడుకోబెట్టి, పైన తడిబట్ట కప్పుతాను. సీసాల్లో నీళ్లు గడ్డకట్టించి గుడ్డ చుట్టి పక్కన పెడతాను, దానికి ఒళ్లు ఆనించి పడుకుంటాయి. నీళ్లు గొట్టం సీసాలో కంటే బరువైన గిన్నెలో పెడితే ఎక్కువ తాగుతాయి. ఏసీ గది ఉంటే మధ్యాహ్నం అక్కడే ఉంచండి. ఆ గదిలో దోమల చక్రం, సాంబ్రాణి పొగ వద్దు. దీపావళికి కిటికీలు మూసి, లోపలి గదిలో పెట్టి, మీలో ఒకరు పక్కనే కూర్చోండి. బాంబు చప్పుడుకి గుండె ఆగి చనిపోయిన కుందేలు మా వీధిలోనే ఉంది.

ఇక జత సంగతి. కుందేళ్లు గుంపుగా బతికే జీవాలు, ముందు ముందు తోడు ఉంటే మంచిదే. కానీ ఇప్పుడు తెస్తే మీరంటే భయపడే కుందేళ్లు రెండవుతాయి. పైగా షాపులో ఆడ మగ చెప్పేది చాలాసార్లు తప్పు. ఒక జత ఆడా మగా అయితే నెలకి కాన్పు, 31 రోజులే గర్భం, కన్న రోజే మళ్లీ చూలు కట్టగలదు. రెండూ మగవైతే పెద్దయ్యాక రక్తం వచ్చేలా కొట్టుకుంటాయి. ముందు దీనికి నాలుగు నెలల వయసు వచ్చాక డాక్టర్‌కి చూపించి ఆడో మగో తేల్చుకుని, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ గురించి మాట్లాడండి. ఆడదైతే అది మరీ అవసరం, వయసు పెరిగేకొద్దీ గర్భాశయ క్యాన్సర్ వచ్చే ప్రమాదం చాలా ఎక్కువ. నాలుగు నుంచి ఆరు నెలల వయసులో, మచ్చికైన కుందేలు కూడా గురగురమనడం, మీద పడటం, కాళ్ల చుట్టూ హుం హుం అంటూ తిరగడం, ఎక్కడపడితే అక్కడ మూత్రం పోయడం చేస్తుంది. అది యవ్వనం, మీ కష్టం వృథా అయిందని కాదు. ఆపరేషన్ అయిన నెలా రెండు నెలల్లో సద్దుమణుగుతుంది.

మీరు రాయని రెండు విషయాలు చెప్పండి. పంజరం ఎక్కడ పెట్టారు, నడిచే దారిలోనా, మూలనా? అడుగు జాలీయా, పలకా? ఫొటో పెడితే ఇంకా మంచిది, చూసి ఎలా మార్చాలో చెప్తాను. ఈలోపు ఈ సాయంత్రం జంపఖానా పరిచి, ఆరున్నరకి పాపని ఎక్కాల పుస్తకంతో కూర్చోబెట్టండి. పదో రోజున అది ఎంత దూరంలో ఆగిందో రాయండి.